దాచిన రోగమే ఊరంతా తిరుగుతుంది

 ప్రతి వారం ఇక్కడ గూళ్ల ధరలు, మందుల సంగతులు చదువుతారు. ఈ వారం నా మాట కొంచెం పొడుగ్గా ఉంటుంది. పురుగులకు ఆకేసి వచ్చి, చాయ్ తాగుతూ తీరిగ్గా చదవండి.

ముందు నా తప్పు చెప్తా. రెండేళ్ల కింద 150 డీఎఫ్ఎల్‌ల చాకీ పురుగులు తెచ్చిన. మూడో జ్వరం దాటంగనే పురుగులు సమంగా లేవు. ఒకటి వేలెడుంటే పక్కది అందులో సగం. కొన్ని జ్వరంలోనే ఉండిపోయినయి. ఆకు వేస్తే పైకి రావు. ఒంటి మీద మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలు. చాకీ ఇచ్చినవాళ్లకు ఫోన్ చేస్తే "మీ షెడ్డు వేడి, మీ ఆకు ముదురు" అన్నరు. నేను "మీ గుడ్లే చెడ్డయి" అన్న. అరగంట గట్టిగట్టిగ మాట్లాడుకున్నం. కానీ ఇద్దరిలో ఒక్కరం కూడా ఒక పురుగును నలిపి మైక్రోస్కోపు కింద పెట్టి చూడలే.

అంతకన్నా పెద్ద తప్పు ఆ తర్వాత చేసిన. రాత్రిపూట పురుగులన్నిటినీ బొంద తీసి పూడ్చి, పొద్దున ఊళ్లో "ఎండకు పోయినయి" అని చెప్పిన. వారం తిరగక ముందే పక్క షెడ్డు వదిన తట్టలు, నేత్రికలు అడిగింది. ఇయ్యనంటే ఎందుకని అడుగుతది కదా! ఆ భయానికే ఇచ్చేసిన. ఆమె బ్యాచ్ కూడా అట్లనే పోయింది. అది నా తట్టల వల్లనే అని రుజువు లేదు, ఎందుకంటే చూసినవాళ్లు లేరు. కాదనడానికీ రుజువు లేదు. ఈ సంగతి వదినకు పోయిన నెలనే చెప్పిన. పదిమందిలో చెప్పడం ఇదే మొదలు.

ఎందుకు చెప్తున్నానంటే, ఈ మధ్య ముంబై పోయి వచ్చిన. అక్కడ విన్న ఒక పాత కథ నన్ను నిద్ర పోనియ్యలేదు.

*కామాఠిపుర గల్లీలో*

మా చిన్నాయన కుటుంబం కామాఠిపురలో ఉంటది. ఆ పేరు చెప్పంగనే కొందరు ముసిముసిగా నవ్వుతారు. నవ్వే ముందు ఒక్క మాట వినాలె. ఆ పేటకు ఆ పేరు మన తెలుగు కూలీల వల్ల వచ్చింది. 18వ శతాబ్దం చివరి నుంచే నిజాం ఇలాకా పల్లెల నుంచి మనోళ్లు పొట్ట చేత పట్టుకుని బొంబాయి పోయినరు. మట్టి మోసినరు, రాయి కొట్టినరు, భవనాలు కట్టినరు. వాళ్లనే అక్కడ కామాఠీలు అన్నరు. తర్వాత మన నేత కుటుంబాలు బట్టల మిల్లుల్లో పనికి పోయి వర్లీ, నాయిగాం చాళ్లలో స్థిరపడ్డయి. మనం గూడు అల్లిస్తాం, వాళ్లు నూలు నేసినరు. చుట్టరికమే.

చిన్నాయన ఉండే చాల్ పాతది. చెక్క మెట్లు, వరుసగా పది బై పది గదులు, అందరికీ కలిపి చివర్ల నల్లా. రాత్రి మెట్ల కింద ఎలుక ఉరికితే చిన్నాయన అన్నడు: "మా తాత చెప్పేటోడు బిడ్డా, ఎలుక సచ్చిన ఇంట్ల మూడు రాత్రులు పండుకోవద్దని. ఆ మాట బొంబాయి ప్లేగు నాటిది."

1896 సెప్టెంబర్‌లో బొంబాయి రేవు పక్కన మాండ్వీ పేటలో ప్లేగు బయటపడింది. డాక్టర్ అకాసియో వియెగాస్ మొదట గుర్తించిండు. 1891 జనాభా లెక్కలో బొంబాయిలో సుమారు 8.2 లక్షల మంది ఉంటే, ప్లేగు భయానికి లక్షల మంది ఊరు విడిచి పోయినరు. మిల్లులకు పనివాళ్లు కరువైనరు. ఆ ప్లేగు తర్వాత దేశమంతా పాకి, రెండు దశాబ్దాల్లో కోటి మందికి పైగా పొట్టన పెట్టుకుంది.

సర్కారు ఏం చేసింది? 1897లో అంటురోగాల చట్టం తెచ్చింది. జనరల్ గటాకర్ కింద ప్లేగు కమిటీ వేసింది. సిపాయిలతో ఇండ్లు సోదా చేయించింది. జ్వరమున్నవాళ్లను ఆస్పత్రికి, ఇంటివాళ్లను క్యాంపులకు పంపింది. పెంకులు పీకింది, సామాను కాల్చింది, సున్నం కొట్టింది, మోరీల్లో మందునీళ్లు పోసింది. పేదోళ్ల మురికే రోగానికి మూలమని చాలామంది అధికారులు నమ్మినరు.

మరి జనం ఏం చేసినరు? దాచినరు. జ్వరమొచ్చిన పిల్లను దాచినరు, చచ్చిన మనిషిని దాచినరు, రాత్రికి రాత్రి పల్లెకు పారిపోయినరు. 1896 అక్టోబర్‌లో మిల్లు కూలీలు ఆర్థర్ రోడ్ ఆస్పత్రి మీదికి పోయినరు. 1898 మార్చిలో ఒక జబ్బు పిల్లను తీసుకుపోవడానికి వస్తే కామాఠిపుర దగ్గర్లోని నేతగాళ్ల పేటలో పెద్ద గొడవ అయింది. సర్కారు గద్దించిన కొద్దీ జనం దాచినరు, దాచిన కొద్దీ రోగం తిరిగింది.

చిన్నాయన ఆ ముచ్చట చెప్తుంటే నాకు నా బొంద గుర్తొచ్చింది. నేను రాత్రిపూట తీసిన బొంద.

*అసలు దొంగ ఎక్కడున్నడు?*

ఇంత చేసినా ప్లేగు ఎందుకు ఆగలేదు? చూడాల్సిన చోట చూడలేదు కాబట్టి. 1898లో కరాచీలో పాల్ లూయీ సిమోండ్ అనే ఫ్రెంచి డాక్టర్ ఒక మాట చెప్పిండు: ప్లేగును ఎలుక నుంచి మోసేది ఎలుక బొచ్చులో ఉండి ఎగిరి దూకే రెక్కల్లేని చిన్న పురుగు అని. దాన్ని ఎలుక ఫ్లీ అంటారు. నేను ఫ్లీ అనే రాస్తా. ఆయన మాటను అప్పుడు చాలామంది కొట్టిపారేసినరు.

కొన్నేళ్లకు బొంబాయిలోనే డబ్ల్యూ. గ్లెన్ లిస్టన్ అనే అధికారి, ఎలుకలు చచ్చిన ఒక చాల్‌లో గినీ పందులను వదిలి చూసిండు. వాటి ఒంటి మీద ఎలుక ఫ్లీలు దొరికినయి. ఆ చాల్‌లో మనుషుల మీద కూడా ఎలుక ఫ్లీలు దొరికినయి. ఎలుకలు చచ్చినంక ఫ్లీలు ఆకలికి మనిషి మీద పడుతున్నాయన్నమాట. 1905 నుంచి పరేల్‌లో ప్లేగు పరిశోధన కమిషన్ ఇదే పనిని గట్టిగా చేసింది. ఫ్లీ దూరగలిగే బోనులోని జంతువుకు ప్లేగు సోకింది, ఫ్లీ దూరకుండా సన్నజాలి కట్టిన బోనులోనిదానికి సోకలేదు. ఆ పరేల్ ప్రయోగశాలనే ఇప్పుడు హాఫ్కిన్ ఇన్‌స్టిట్యూట్ అంటారు.

1914లో బాకోట్, మార్టిన్ అనే ఇద్దరు ఫ్లీ కడుపును కోసి చూసినరు. దాని జీర్ణాశయం ముందర ముళ్లున్న చిన్న కవాటం ఉంటది. ప్లేగు బాక్టీరియా అక్కడ ముద్ద కట్టి దారి మూసేస్తది. తాగిన రక్తం లోపలికి పోదు. ఆకలికి ఫ్లీ మళ్లీ మళ్లీ కుడుతది, లోపలికి పోని రక్తం బాక్టీరియాతో సహా మనిషి ఒంట్లోకి కక్కుతది. కోటి ప్రాణాలు తీసిన రోగం గుట్టు ఆవగింజంత పురుగు గొంతులో ఉంది. ఎలుక చచ్చిన ఇంట్లో పండుకోవద్దన్న తాత సగం నిజం ముందే పట్టిండు. మిగతా సగాన్ని మైక్రోస్కోపు పట్టింది.

*ఫ్లీ కడుపులో మన పురుగు శత్రువు చుట్టం*

"ఎలుకలు, ఫ్లీలు మనకెందుకు? మనవి పట్టుపురుగులు" అంటారేమో. ఇక్కడే అసలు సంగతి ఉంది.

ఫ్లీ కడుపులో బాక్టీరియా ఒక్కటే కాదు, అంతకన్నా పెద్ద ఏకకణ జీవులు కూడా కాపురం ఉంటయి. వాటిని మైక్రోస్కోపులో చూస్తే ఒక్కో రకానికి ఒక్కో రూపు.

ఒకటి ట్రిపనోసోమా లూయిసీ. 1870ల్లో కలకత్తా ఎలుకల రక్తంలో టిమోతీ లూయిస్ చూసిన జీవి. సన్నగా పాములాగ ఉండి, పక్కన రిబ్బను లాంటి పొర, చివర ఒక కొరడా తోక ఉంటయి. ఫ్లీ కడుపు గోడ కణాల్లోకి దూరి పెరిగి, చివరికి ఫ్లీ రెట్టలో బయటకు వస్తది. ఆ రెట్టను నాకిన ఎలుకకు అంటుకుంటది.

రెండోది గ్రెగరైన్. ఇది ఫ్లీ పిల్లపురుగు కడుపులో ఎక్కువ. ఒంటికణమే అయినా మధ్యలో అడ్డుగోడ కట్టినట్టు రెండు భాగాలుంటయి. చిన్న భాగం తల లెక్క, పెద్ద భాగంలో కణకేంద్రం. ముందుకొనతో కడుపు గోడను పట్టుకుని వేలాడుతది. పెద్దయినంక రెండు జతకట్టి ఒక తిత్తిలో చుట్టుకుంటయి. ఆ తిత్తిలో గట్టి పెంకున్న గింజలు తయారై రెట్టతో బయటపడతయి.

మూడోది మైక్రోస్పోరిడియా జాతి. 1916లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వి. టి. కోర్కే అనే శాస్త్రజ్ఞుడు ఫ్లీలో ఇలాంటిదాన్ని చూసి నోసిమా పులిసిస్ అని పేరు పెట్టిండు. ఆ మొదటి మాట చూడండి: నోసిమా. మన పెబ్రిన్ రోగానికి కారణమైన జీవి పేరు నోసిమా బాంబిసిస్. కోర్కే ఆ ఫ్లీ జీవిని మన పట్టుపురుగు శత్రువు ఇంటిపేరుతోనే పిలిచిండు.

ఈ జాతి గింజ ఎట్లుంటదో తెలిస్తే పెబ్రిన్ ఎందుకంత మొండిదో అర్థమైతది. పెబ్రిన్ గింజ కోడిగుడ్డు ఆకారంలో, మెరుస్తూ ఉంటది. పొడుగు 3 నుంచి 4 మైక్రాన్లు. మిల్లీమీటరును వెయ్యి ముక్కలు చేస్తే ఒక ముక్క ఒక మైక్రాన్. దానికి రెండు గోడలు, లోపలి గోడ కైటిన్. లోపల స్ప్రింగులాగ చుట్టిన సన్నటి గొట్టం. ఆకుతో పాటు పురుగు కడుపులోకి పోయి అక్కడి క్షారరసం తగలంగనే లోపల ఒత్తిడి పెరిగి, గొట్టం కండ్లు మూసి తెరిచేలోపు బయటికి చిమ్ముతది. సూదిలాగ పురుగు కడుపు కణంలో గుచ్చుకుంటది. గింజలోని జీవపదార్థం ఆ గొట్టం గుండా కణంలోకి జారిపోతది. అక్కడి నుంచి పట్టుగ్రంథి, కొవ్వు, కండరం, చివరికి అండాశయం దాకా పాకుతది. తల్లి సీతాకోక పెట్టే గుడ్డులోకే చేరుతది. అందుకే పెబ్రిన్ ఆకు నుంచే కాదు, తల్లి నుంచి కూడా వస్తది. పైనుంచి ఎంత సున్నం చల్లినా గుడ్డు లోపలి రోగం పోదు.

*ఒక్కో తల్లినీ చూసినాయన*

ఈ రోగంతోనే ఫ్రాన్స్ పట్టు పరిశ్రమ కుప్పకూలింది. 1853లో 2.6 కోట్ల కిలోల గూళ్లు పండించిన దేశం, 1865 నాటికి 40 లక్షల కిలోలకు పడిపోయింది. ఆ ఏడు లూయీ పాశ్చర్ ఆలెస్ అనే ఊరికి పోయి దీని మీద కూసున్నడు. అంతవరకు ఆయన పట్టుపురుగుల మీద పని చేసినోడు కాదు. ఆయన చివరికి చెప్పిన ఉపాయం మాత్రం మన అమ్మమ్మ కూడా అర్థం చేసుకోగలిగింది: ఒక్కో తల్లిని విడిగా గుడ్లు పెట్టనియ్యి, తర్వాత ఆ తల్లిని నలిపి మైక్రోస్కోపులో చూడు, గింజలుంటే ఆ గుడ్లు కాల్చెయ్యి. మనం డీఎఫ్ఎల్ అంటున్న మాటకు అర్థమే ఇది, రోగం లేని గుడ్లు. మన గ్రైనేజీల్లో ఇప్పటికీ తల్లి సీతాకోకను పొటాషియం కార్బొనేట్ నీళ్లలో నూరి, సుమారు 600 రెట్లు పెంచి చూస్తారు.

పాశ్చర్ రైతులను గద్దించలేదు, షెడ్లు కాల్చలేదు. మైక్రోస్కోపు చూపించి, రోగం ఎక్కడుందో వాళ్ల కండ్లకే కనిపించేటట్టు చేసిండు. బొంబాయి ప్లేగు కమిటీ దగ్గర అధికారం ఉంది, కానీ రోగం ఎక్కడుందో తెల్వదు. ఈ రెండింటిలో మనం ఏ దారిన పోతున్నం?

*నా మాట*

మనం బొంబాయి దారిలోనే ఉన్నామని నా అభిప్రాయం. ఒక షెడ్డులో పురుగు పోతే ఏమైతది? రైతు చాకీ వాళ్లను తిడతడు, చాకీ వాళ్లు గ్రైనేజ్ మీదికి నెడతరు, గ్రైనేజ్ వాళ్లు రైతు మీదికి నెడతరు. ఊళ్లో "వాళ్ల షెడ్డు మంచిది కాదు" అని పేరు పడతది. ఆ పేరుకు భయపడి రైతు దాస్తడు. దాచిన రోగం తట్టల్లో, నేత్రికల్లో, చంద్రికల్లో, చెత్త ఎరువులో ఇంకో షెడ్డుకు పోతది. తప్పు రైతుది మాత్రమే కాదు. చెప్పినోన్ని దోషిని చేసే మన అలవాటుది.

అందుకే మూడు మాటలు గట్టిగా చెప్తున్నా.

ఒకటి. చాకీ తీసుకునేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: గుడ్లు ఏ గ్రైనేజ్‌వి, లాట్ నంబర్ ఎంత, తల్లి సీతాకోకల పరీక్ష కాగితం ఏది? అడిగితే కోపమొస్తదని సంకోచించొద్దు. సెంట్రల్ సిల్క్ బోర్డు చట్టాన్ని 2006లో సవరించినంక గుడ్లు తయారుచేసేవాళ్లు, చాకీ పెంచేవాళ్లు రిజిస్టర్ కావాల్సిందే. అంటే అది అడగడం మన హక్కు. నిజాయితీగా పని చేసే చాకీ కేంద్రాలకు ఈ ప్రశ్న భారం కాదు, వాళ్లకే మంచి పేరు.

రెండు. ఐదారు ఊర్ల రైతులం కలిసి ఒక మైక్రోస్కోపు కొనుక్కుందాం. చదువుకున్న పిల్లలు మన ఇండ్లల్లో ఉన్నరు. ఇద్దరు ముగ్గురికి పట్టు శాఖ వాళ్లతో గాని, కిరికెర పరిశోధన సంస్థలో గాని, మైసూరు సంస్థలో గాని శిక్షణ ఇప్పిద్దాం. ప్రతి జ్వరంలో వెనకబడ్డ పురుగులను, రెట్టను చూస్తే చాలావరకు ముందే పసిగట్టొచ్చు. మైక్రోస్కోపులో మెరిసేదంతా పెబ్రిన్ కాదు. పాలరోగం వైరస్ గింజలు కూడా మెరుస్తయి, కానీ అవి పలకలు పలకలుగా ఉండి క్షారపు నీళ్లలో కరిగిపోతయి. పెబ్రిన్ గింజ కరగదు. ఈ తేడా నేర్చుకోకుండా చూస్తే మళ్లీ తప్పుడు నిందే మిగులుతది. అనుమానం ఉంటే శాఖ వాళ్లతో ఇంకోసారి చూపించుకోవాలె.

మూడు. ఇది అన్నిటికన్నా ముఖ్యం. రోగం ఉందని ముందుగా చెప్పిన రైతును ఈ గ్రూపులో ఎవరూ ఒక్క మాట అనొద్దు. ఇంకా, ఆ రైతు షెడ్డు శుభ్రం చేయడానికి పక్క రైతులు ఒక పూట సాయం పోవాలె. పురుగులు, చెత్త కాల్చి లోతుగా పూడ్చాలె, మల్బరీ తోటలో వేయొద్దు. సామాను, షెడ్డు 2 శాతం బ్లీచింగ్ పౌడర్, 0.3 శాతం సున్నం కలిపిన నీళ్లతో కడగాలె. తట్టలు, నేత్రికలు ఎవరికీ ఇయ్యొద్దు, ఎవరి దగ్గరా తీసుకోవద్దు. తోటలో మల్బరీ తినే వేరే గొంగళిపురుగులను కూడా వదలొద్దు, వాటిల్లో కూడా ఈ జాతి గింజలు ఉండి మన పురుగుకు అంటొచ్చు.

దీనికి ఎదురు మాట ఉంది, అదీ విన్న. మొన్న ఒక అన్న నాతో అన్నడు: "రోగమని చెప్తే నాకు మళ్లా చాకీ ఎవరిస్తరు? గూళ్లు కొనేటోడు ధర తగ్గియ్యడా? నా అప్పు నువ్వు కడ్తవా?" ఆయన భయం నిజమే. బొంబాయి చాల్‌లో పిల్లను దాచిన తల్లి భయం కూడా నిజమే. అందుకే ఒట్టిగ "చెప్పండి, చెప్పండి" అంటే లాభం లేదు. చెప్పినవాళ్లకు నష్టం కాకుండా చూడాలె. ఒక్కో డీఎఫ్ఎల్‌కు మనం ఒక రూపాయి పక్కన పెట్టుకుంటే, రోగం చూపించి బ్యాచ్ కాల్చిన రైతుకు తర్వాతి చాకీ ఖర్చులో కొంతైనా ఇయ్యొచ్చు. ఇది దానం కాదు, మన షెడ్డుకు మనం కట్టుకునే కంచె. ఎక్కువా తక్కువా అనుకుంటే గ్రూపులో లెక్క వేద్దాం, నాది అంచనా మాత్రమే.

ఇంకొకరు అన్నరు, "ఇన్నేళ్లు మైక్రోస్కోపు లేకనే పండియ్యలేదా?" పండించినం. పోగొట్టుకున్నం కూడా. పోయిన బ్యాచ్‌లలో ఎన్ని ఎండకు పోయినయో, ఎన్ని పెబ్రిన్‌కు పోయినయో మనలో ఎవరు చెప్పగలరు? మన కన్ను తక్కువది కాదు. జ్వరం నుంచి లేచిన పురుగును చూసి ఆకలి చెప్పగల కన్ను మనది. చాల్ తాత ఎలుకను చూసి హెచ్చరించిన కన్ను లాంటిదే. ఆ కన్నుకు అద్దం తోడైతే చాలు.

ముంబై నుంచి వచ్చేటప్పుడు చిన్నాయన అన్నడు, "ఇప్పుడు మా చాల్‌లో ఎలుక సస్తే అందరికీ చెప్తం, కార్పొరేషన్‌కు ఫోన్ చేస్తం. సిగ్గేం లేదు." ఆ ఒక్క మాట మనకు కూడా రావాలె.

నా వంతు నేను మొదలుపెడుతున్నా. ఈ బ్యాచ్‌లో మూడో జ్వరం తర్వాత వెనకబడ్డ పురుగులను పరీక్షకు ఇస్తున్నా. ఏమొచ్చినా, మంచైనా చెడైనా, వచ్చే వారం ఇక్కడే రాస్తా. వదిన కూడా ఇస్తానంది. మీరూ ఇవ్వండి. మైక్రోస్కోపు సంగతి మీద మీ మాట గ్రూపులో పెట్టండి, వాయిస్ మెసేజ్ అయినా సరే.

అందరి పంటా చల్లగా ఉండాలె.